గుర్తుపెట్టుకునే పని ఎవరిది?

పోయిన నెల నిజాంపేటలో మా పిన్ని మనవడి అన్నప్రాసనకి వెళ్లాం. భోజనాలయ్యాక ఆడవాళ్లందరం లోపలి గదిలో కూర్చుంటే మా తమ్ముడి సంబంధాల మాట వచ్చింది. వాడికి ముప్పై దాటింది, చదువుంది, మనసు మంచిది. కానీ వాడితో నాలుగు రోజులు ఉన్న ఎవరికైనా తెలిసిపోతుంది, బండి తాళాలు ఎక్కడ పెట్టాడో తెలీదు, ఆధార్ కార్డు ఎక్కడుందో తెలీదు, అద్దె డబ్బులు అకౌంట్లోనే ఉంటాయి కానీ ఓనర్ ఫోన్ చేసి అడిగేదాకా కట్టడు. బండి మీద చలాన్లు పేరుకుపోయాయి. 2023 డిసెంబర్లో పోలీసులు బైకులకి 80 శాతం తగ్గింపు ఇచ్చారు కదా, తర్వాత డేట్ కూడా పొడిగించారు, అయినా కట్టలేదు, డబ్బుల్లేక కాదు. అమ్మ ఇవన్నీ దిగులుగా చెప్తుంటే పిన్ని చాలా మామూలుగా, "పెళ్లైతే వాడే దారిలో పడతాడులే అక్కా, వచ్చే పిల్ల చూసుకుంటుంది" అంది. గదిలో అందరూ తలూపారు, ప్రేమగానే ఊపారు.

నాకు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాసని, తొందరపాటుని అదుపులో పెట్టుకోవడం కష్టమయ్యే మెదడు తీరు, ఉందని తేలి కొన్నేళ్లైంది. వాడిలో ఉన్నవే నాలోనూ ఉన్నాయి, ఒకే ఇంట్లో ఇద్దరం కంపాస్ బాక్సులు, టిఫిన్ మూతలు పోగొట్టుకుంటూ పెరిగాం. కానీ నా పెళ్లి మాటలు నడిచేటప్పుడు "వచ్చే అబ్బాయి చూసుకుంటాడులే" అని ఒక్కరూ అనలేదు. "ఆడపిల్లవి, ఇంత మతిమరుపైతే రేపు అత్తారింట్లో మమ్మల్ని అంటారు" అన్నారు.

అప్పట్నుంచి ఇదే నలుగుతోంది బుర్రలో. ఏడీహెచ్‌డీతో రోజు గడవడం ఎంత కష్టమో మన మెదడు ఒక్కటే తేల్చదు, ఆ ఇంట్లో గుర్తుపెట్టుకునే పని ఎవరి నెత్తిన పెట్టారో అది కూడా తేలుస్తుంది. మగపిల్లాడికి ఇది ఉంటే పెళ్లే వైద్యం అనుకుంటారు. ఆడపిల్లకి ఉంటే పెళ్లయ్యాకే బయటపడుతుంది, అప్పుడు కూడా దాన్ని సమస్య అనరు, గుణం అంటారు. నేను చెప్పాలనుకున్నది ఇదే, మిగతాదంతా ఇది నిజమేనా అని నన్ను నేను అడుక్కోవడం.

శనగలు ముందురోజు రాత్రే నానబెట్టాలి

ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస లేకపోవడం అనుకుంటారు చాలామంది. నాకు ధ్యాస ఉంటుంది, నచ్చిన పనిలో పడితే ఆకలి కూడా తెలియనంత ఉంటుంది. ఇబ్బంది వేరే చోట ఉంది. తర్వాత చెయ్యాల్సిన పని, ఆ టైముకి, ఎవరూ చెప్పకుండా దానంతటదే మనసులోకి రావాలి కదా, నాకు అది రాదు. ఆ పని నాకు తెలీక కాదు, అడిగితే అన్నీ వరసగా చెప్తా. ఆ నిమిషానికి మాత్రం రాదు, గంట తర్వాత వస్తుంది, వచ్చి గుండెల్లో గుచ్చుతుంది.

మన వంటిల్లు మొత్తం నడిచేది దీని మీదే. ఇడ్లీ సంగతే చూడండి. పొద్దున మినప్పప్పు నానబెట్టాలి, సాయంత్రం రుబ్బాలి, రవ్వ కలిపి రాత్రి బయట పెట్టాలి, ఎండాకాలం ఇక్కడి వేడికి తొందరగా పులిసిపోతుంది కాబట్టి మరీ పొంగకముందే ఫ్రిజ్‌లోకి ఎక్కించాలి. చేసే పని మొత్తం కలిపితే అరగంట కూడా ఉండదు, కానీ ఆ అరగంటని రోజంతా నాలుగు ముక్కలుగా గుర్తుపెట్టుకోవాలి. పెరుగు తోడు పెట్టడం ఇంకా కష్టం నాకు, పాలు మరీ వేడిగా ఉండకూడదు, పూర్తిగా చల్లారిపోకూడదు, ఆ మధ్యలో ఉన్న కాసేపట్లోనే గుర్తు రావాలి. మోటర్ వేస్తే ట్యాంకు నిండగానే ఆపాలి. కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతుంటే కొరియర్ అబ్బాయి బెల్ కొడతాడు, అంతే, లెక్క పోయింది. పనమ్మాయి జీతం, పాలవాడి లెక్క, చీటీ డబ్బులు, గ్యాస్ బుకింగ్, అత్తయ్య బీపీ మాత్రలు అయిపోయే లోపు తెప్పించడం, పాప క్రాఫ్ట్ పీరియడ్‌కి చార్ట్ పేపర్. వీటిలో ఏ ఒక్కటీ కష్టమైన పని కాదు, అందుకే చెయ్యకపోతే జాలి ఉండదు.

ఒకసారి వరలక్ష్మీ వ్రతానికి అన్నీ చేశా. ముందురోజు పొద్దున్నే గుడిమల్కాపూర్ వెళ్లి పూలు తెచ్చా, తోరాలు కట్టా, తాంబూలం కవర్లు సర్దా, పేరంటానికి పిలవాల్సినవాళ్లని పిలిచా. శుక్రవారం తెల్లారి అత్తయ్య వంటింట్లోకి వచ్చి చూస్తే శనగలు నానబెట్టలేదు. "దేవుడి పని మీద కూడా శ్రద్ధ లేదా అమ్మాయ్" అన్నారు. ఆవిడ గట్టిగా కూడా అనలేదు, నిజంగా బాధపడుతూ అన్నారు. నేను చేసినవన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి. చాలా రోజుల తర్వాత నాకు తట్టింది, ముందురోజు రాత్రి మా ఆయన కూడా ఇంట్లోనే ఉన్నారు. ఆయన పుట్టినప్పట్నుంచి ఆ ఇంట్లో ప్రతి శ్రావణంలో శనగలు నానడం చూశారు. ఆయనకీ గుర్తు రాలేదు. కానీ ఆయన మర్చిపోయారని ఎవరూ అనలేదు, నాకు కూడా తోచలేదు, ఎందుకంటే ఆయన గుర్తుపెట్టుకోవాలని ఎవరూ అనుకోలేదు.

నాన్న సంగతి

డాక్టర్ నన్ను అడిగిన ప్రశ్నలు చాలావరకు డీఎస్ఎం-5 అనే పుస్తకంలోవి, మానసిక వైద్యులు వాడే లక్షణాల పుస్తకం, ఈ ఐదో ఎడిషన్ 2013లో వచ్చింది. అందులో ధ్యాసకి సంబంధించినవి తొమ్మిది లక్షణాలు, అతిచురుకు, తొందరపాటుకి సంబంధించినవి తొమ్మిది. పెద్దవాళ్లకైతే ఏదో ఒక జాబితాలో కనీసం ఐదు ఉండాలి, కొన్నైనా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి, ఇల్లు, ఆఫీసు ఇలా రెండు చోట్లయినా ఉండాలి, వాటివల్ల రోజువారీ బతుకు దెబ్బతినాలి. రోజువారీ పనులు మర్చిపోవడం అనే దగ్గర పెద్దవాళ్లకి ఉదాహరణలు ఇస్తారు, బిల్లులు కట్టడం, తిరిగి ఫోన్ చెయ్యడం, అపాయింట్‌మెంట్లకి టైముకి వెళ్లడం.

అది చదువుతూ నాన్న గురించి ఆలోచించా. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు, ఇప్పుడు రిటైరయ్యారు. నాకు తెలిసి నాన్న జీవితంలో ఒక్క బిల్లు కట్టలేదు. కరెంటు బిల్లు అమ్మే కట్టేది, బంధువులకి ఫోన్లు అమ్మే చేసేది, పెళ్లిళ్లకి ఎప్పుడు బయల్దేరాలో అమ్మే చెప్పేది, కళ్లజోడు చేతికిచ్చి, బస్సు టికెట్ జేబులో పెట్టి పంపించేది. ఇక ఆ ప్రశ్నలు నాన్నని అడిగితే ఏం చెప్తారు? మర్చిపోవడానికి ఆయన చేతిలో ఏమీ లేదు.

నా డెలివరీకి అమ్మ హైదరాబాద్ వచ్చి కొన్ని నెలలు ఉంది, అప్పుడు బయటపడింది. గ్యాస్ అయిపోయి ఎన్నాళ్లో హోటల్ టిఫిన్లు, ఎల్ఐసీ పాలసీ ల్యాప్స్ అయింది, ఫోన్ చార్జింగ్ లేక స్విచాఫ్. వీధిలో అందరూ "పాపం మాస్టారు, అమ్మగారు లేకపోతే ఎలా ఉన్నారో చూడండి" అని క్యారియర్లు పంపించారు. నేను వాళ్లని తప్పుపట్టట్లేదు, నాన్నకి ఆ అన్నం కావాలి. కానీ అదే ఇంట్లో నాన్న ఊరెళ్లి అమ్మ ఉండి అన్నీ అలా అయ్యుంటే, క్యారియర్ కాదు, వేరే మాటలు వచ్చేవి.

ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో బలంగా నడుస్తుంది. కవలల మీద చేసిన స్టడీలు కలిపి చూస్తే, ఇది ఒకరికి ఉండి ఒకరికి లేకపోవడంలో 74 శాతం దాకా జన్యువుల వాటా అని తేల్చారు. నాన్నకి ఉందో లేదో నేను చెప్పకూడదు, చెప్పాల్సింది డాక్టరే. కానీ ఇంకో విషయం కూడా గమనించండి. అదే డీఎస్ఎంలో పిల్లల్లో ఇద్దరు మగపిల్లలకి ఒక ఆడపిల్ల చొప్పున ఇది కనిపిస్తుందని, పెద్దవాళ్లలో ఆ తేడా 1.6కి ఒకటి దాకా తగ్గుతుందని ఉంది. తరగతిలో బెంచీలెక్కే అబ్బాయి టీచర్ కంట్లో పడతాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ నోరెత్తకుండా కూర్చునే అమ్మాయి పడదు. నా నాలుగో తరగతి ప్రోగ్రెస్ కార్డులో "తెలివైనది, పరధ్యానం" అని ఉంది. అక్కడితో ఆగిపోయింది.

"నీకు మార్కులు వచ్చాయి కదా" అనేవాళ్లకి కూడా ఒక మాట. ఇంటర్ రెండేళ్లు నేను కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉన్నా. తెల్లవారుజామున లేపేవాళ్లు, కూర్చోబెట్టేవాళ్లు, వీకెండ్ టెస్ట్ పెట్టేవాళ్లు, ఫోన్ ఉండదు, వంట ఉండదు. ఆ హాస్టళ్లు పిల్లల్ని ఎంత నలిపేస్తాయో నాకు తెలుసు, నేను మెచ్చుకోవట్లేదు. కానీ రోజులో ఒక్క నిమిషం కూడా "ఇప్పుడు ఏం చెయ్యాలి" అని నేను తేల్చుకోవాల్సిన పని లేదు అక్కడ. అందుకే మార్కులు వచ్చాయి. బీటెక్ మొదటి సెమిస్టర్లో ఎవరూ లేపలేదు, అప్పుడే జారడం మొదలైంది.

"మరి ఆఫీసులో ఎలా గుర్తుంటుంది?"

ఇది మా ఆయన ప్రశ్న. గొడవకి కాదు, అర్థం కాక అడిగారు. రిలీజ్ డేట్లు ఎప్పుడూ దాటవు కదా, ఇంట్లో పాలు ఎలా పొంగిపోతాయి అని. నాకూ చాలా కాలం జవాబు తెలీదు, ఇంటి మీద నాకు నిజంగానే ప్రేమ తక్కువేమో అని కూడా అనుకున్నా, రాత్రిళ్లు.

గచ్చిబౌలిలో నా పని నా బుర్రలో ఉండదు. చెయ్యాల్సింది రాసిపెట్టే ఆన్‌లైన్ టికెట్‌లో ఉంటుంది, పొద్దున టీమంతా కలిసే స్టాండప్ మీటింగ్‌లో ఒకరు అడుగుతారు, క్యాలెండర్ మోగుతుంది, నేను రిప్లై ఇవ్వకపోతే ఇంకొకరు మళ్లీ పింగ్ చేస్తారు. అక్కడ గుర్తుచెయ్యడానికే జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నారు, గుర్తుచేయించుకున్నందుకు ఎవరూ నిన్ను నిర్లక్ష్యపు మనిషివి అనరు. అలా ఎవరూ అడగని పనులు ఆఫీసులో కూడా నా చేతిలోంచి జారిపోతాయి, నాకు రావాల్సిన క్యాబ్ బిల్లులు క్లెయిమ్ చేసుకోకుండా ఎన్నో వదిలేశా, అది ఎవరికీ కనపడదు. ఇంటికొచ్చేసరికి మిగిలేది కూడా తక్కువే. మీటింగుల్లో రోజంతా మనసుని పట్టి కూర్చోబెట్టిన మనిషిని నేను, సాయంత్రం ఆరున్నరకి ఆ పట్టు ఉండదు.

అమ్మ వాదన ఇంకోలా ఉంటుంది. "మాకు మాత్రం ఎవరు గుర్తుచేశారే? మీ నాయనమ్మ మంచాన పడి ఉంది, మీరిద్దరు, ఇంటి పని, మేం చెయ్యలేదా?" దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. అమ్మ చేసింది. చేసిన చాకిరీ చూస్తూ పెరిగినదాన్ని నేను. అందుకే ఒక అనుమానం చాలా కాలం వదల్లేదు, అసలు నాది ఏడీహెచ్‌డీనా, లేక ఉద్యోగం చేస్తూ ఇల్లు మోసే ప్రతి ఆడదానికీ ఉండే అలసటేనా? ఆఫీసులో ఎవరితో చెప్పినా "అయ్యో నాకూ సేమ్" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. 2019లో ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారని, చేసే మగవాళ్లు 97 నిమిషాలని తేలింది. అందులో వండిన టైము లెక్కకొస్తుంది, తోమిన టైము వస్తుంది. వండాలని గుర్తుంచుకున్న టైము ఏ గడిలో రాస్తారు? దానికి మొదలూ చివరా లేదు, స్నానం చేస్తుంటే కూడా నడుస్తూనే ఉంటుంది.

రీల్స్ చూసి తమకి ఏడీహెచ్‌డీ ఉందని తామే తేల్చుకునేవాళ్ల మీద విసుక్కునే డాక్టర్లని కూడా అర్థం చేసుకోగలను, ముప్పై సెకన్ల వీడియోలో చూపించే లక్షణాలు అందరిలోనూ ఉంటాయి.

నా అనుమానం తీరింది రెండు విషయాల వల్ల. ఒకటి, డాక్టర్ నా మాట ఒక్కటే వినలేదు, అమ్మని పిలిచి నా చిన్నతనం గురించి గంటసేపు అడిగారు. చెప్తూ చెప్తూ అమ్మే మధ్యలో ఆగిపోయింది, "ఇవన్నీ నేను అల్లరి అనుకున్నానండీ" అంది. రెండోది, ఒక వేసవిలో మా ఆయన, పాప, అత్తయ్య ఊరెళ్లారు, నాకు ఆఫీసు సెలవులు, వండి పెట్టాల్సింది ఎవరికీ లేదు. బరువు దిగింది, ఒళ్లు తేలికైంది, అది నిజం. కానీ ఫోన్ రోజూ వెతుక్కుంటూనే ఉన్నా, బ్యాంకుకి పంపాల్సిన ఒక్క మెయిల్ తెరిచి పెట్టుకుని మూడు పూటలు దాని ముందు కూర్చున్నా, మొదలుపెట్టలేకపోయా. ఇంటి పని సమానంగా పంచితే ఆడవాళ్లందరికీ ఊపిరాడుతుంది. నాకు ఆ తర్వాత కూడా ఇది మిగులుతుంది. రెండూ వేరు, కానీ ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు మాత్రం మనిషి లేవలేదు.

మగవాళ్లకి ఇది సుఖంగా ఉందని కూడా నేను అనట్లేదు. తమ్ముడు మాదాపూర్ పీజీలో ఒక్కడే ఉంటాడు. ఒక ఉద్యోగంలోంచి వార్నింగ్ తర్వాత బయటికొచ్చాడు, ఇంట్లో చెప్పలేదు, నాకు మాత్రం రాత్రి ఫోన్ చేసి "అక్కా, నేను దేనికీ పనికిరానేమో" అన్నాడు. ఇంట్లో అందరూ ప్రేమగా నవ్వి వదిలేశారు కాబట్టి వాడిని ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలని ఎవరికీ తోచలేదు. వచ్చే అమ్మాయి చూసుకుంటుంది అనుకుంటూ పదేళ్లు పోయాయి. ఆ అమ్మాయి ఎవరో, ఎక్కడ ఉద్యోగం చేసుకుంటోందో, తన పని తాను చేసుకుంటూ ఉంటుంది, ఇక్కడ ఒక గదిలో కూర్చుని ఆమెకి ఒక మనిషి జ్ఞాపకశక్తిని మొత్తం అప్పజెప్పేస్తున్నాం. పెళ్లికి ముందే చూపించుకో, ఉంటే ఉందని ఆ అమ్మాయికి నువ్వే చెప్పు అని వాడితో గట్టిగా చెప్పా. అమ్మకి కోపం వచ్చింది, సంబంధం చెడిపోతుందని.

మందు తెచ్చుకోవడం

అమ్మ భయం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసు. ఈ ఊళ్లో సైకియాట్రిస్టు అంటే చాలామందికి ఇంకా ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రే, ఎర్రగడ్డ అంటే ఇంకా తిట్టే. అక్కడికి వెళ్లినవాళ్లు ఎంతమంది బాగుపడి ఇళ్లకొచ్చారో ఎవరూ మాట్లాడరు.

ఏడీహెచ్‌డీకి నేను వాడే మందు మిథైల్‌ఫెనిడేట్. మన దేశంలో ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే గట్టి కట్టడి ఉన్న మందుల జాబితాలోది, దానికి ప్రత్యేక లైసెన్సున్న షాపులోనే అమ్మాలి, డాక్టర్ చీటీ రెండు కాపీలు కావాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ రూల్స్ ప్రకారం ఆన్‌లైన్ కన్సల్టేషన్‌లో ఇది రాయకూడదు, డాక్టర్ ముందు కూర్చోవాల్సిందే. దుర్వినియోగం జరుగుతుంది కాబట్టి కట్టడి ఉండాలి, ఒప్పుకుంటా. కానీ మాత్రలు ఎప్పుడు అయిపోతాయో లెక్క చూసుకుని, ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని, ఆఫీసుకి సెలవు పెట్టి, స్టాక్ ఉన్న షాపు ఏదో కనుక్కుని వెళ్లడం, సరిగ్గా ఇదే కదా నా వల్ల కాదని డాక్టర్ రాసిచ్చింది! మా కాలనీ మెడికల్ షాపులో పేరు చదివి నన్ను పైనుంచి కిందికి చూశారు. ఇప్పుడు మాత్రల లెక్క మా ఆయన చూస్తారు. మందు పనిచేస్తుందా అంటే, చేస్తుంది, మొదలుపెట్టలేని పని మొదలవుతుంది. శనగలు మాత్రం అది నానబెట్టదు.

"గుర్తుచెయ్యి, నేను చేస్తా"

పనులు పంచుకుందాం అన్నప్పుడు మా ఆయన మొదట అన్న మాట ఇది. మంచి మాటే. కానీ గుర్తుచెయ్యగలిగితే నేనే చేసేస్తాను కదా, చెయ్యడం నాకు కష్టం కాదు. నా దగ్గర్నుంచి తీసుకోవాల్సింది ఆ గుర్తుపెట్టుకోవడాన్నే. ఇది ఆయనకి అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది, చాలా మాటలు కూడా అయ్యాయి. ఇప్పుడు కొన్ని పనులు మొత్తంగా ఆయనవి, మొదట్నుంచి చివరిదాకా. గ్యాస్, కరెంటు బిల్లు, అత్తయ్య మందులు, పాప స్కూలు. అవి జరగకపోతే జరగవు, నేను వెనక నుంచి చూడను. మోటర్‌కి ఆటోమేటిక్ స్విచ్ పెట్టించాం. ఇడ్లీ పిండి, పెరుగు కొంటున్నాం, అత్తయ్యకి ఇది అస్సలు నచ్చలేదు, ఇంకా నచ్చట్లేదు. శ్రావణమాసంలో శనగలు మాత్రం ఆవిడే నానబెడుతున్నారు. నాకు ఉన్నదేంటో ఆవిడ నమ్ముతున్నారని చెప్పలేను.

ఆయన మీద ఇంత పెట్టడం న్యాయమేనా అని నాకే అనిపిస్తుంది ఒక్కోసారి, ఆయనా అలిసిపోయే వస్తారు. బదులుగా నాకు బాగా వచ్చేవి నేను తీసుకున్నా, అప్పటికప్పుడు చెయ్యాల్సినవన్నీ. అర్ధరాత్రి పాపకి జ్వరమొస్తే, చుట్టాలు చెప్పకుండా దిగితే, లిఫ్ట్‌లో ఎవరైనా ఇరుక్కుపోతే నా అంత చురుగ్గా ఇంట్లో ఎవరూ ఉండరు. ఇది సరిసమానమో కాదో ఇంకా తేల్చుకోలేదు.

ఇంటి లోపల ఇంతవరకు వచ్చాం, బయట ఇంకా కదల్లేదు. పాప క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్లందరూ అమ్మలే. ఆయన్ని చేర్చమంటే అడ్మిన్ "మదర్స్ గ్రూప్ కదా మేడమ్, మిగతావాళ్లు ఇబ్బంది పడతారు" అన్నారు. స్కూల్ రికార్డులో మొదటి నంబర్ ఆయనదే పెట్టించాం, అయినా ఫీల్డ్ ట్రిప్ ఫారం ఇవ్వలేదని క్లాస్ టీచర్ మొన్న కూడా నాకే ఫోన్ చేశారు. ఆయన నంబర్ మళ్లీ చెప్పా, ఆవిడ రాసుకున్నారు, "మీరు ఒకసారి ఆయనకి గుర్తుచెయ్యండి మేడమ్" అన్నారు. లేదండీ, మీరే చెయ్యండి అన్నాను.